పాడైన మానిటర్‌ను పాత మానిటర్ల పార్టులతో బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక మానిటర్ పాడై మూలన పడి ఉంటుంది. ఎక్కడి నుంచో ఇంకో పాడైన మానిటర్ చేతికొస్తుంది. వెంటనే వచ్చే ఆలోచన ఒకటే: రెండూ కలిపి ఒకటి చేయొచ్చా? చాలాసార్లు చేయొచ్చు. అయితే పని మొదలుపెట్టాక అందరికీ వచ్చే సందేహాలు దాదాపు అవే. ఎవరు అడిగినా మళ్లీ మళ్లీ అదే జవాబు చెబుతున్నాను కాబట్టి, పని జరిగే వరుసలో ఇక్కడ రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా సరిపోతుంది. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

నేను ఎలక్ట్రానిక్స్ చదువుకోలేదు. ఇది నా వల్ల అవుతుందా?

మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజీ చూడడం, టంకం శుభ్రంగా వేయడం వస్తే చాలావరకు అవుతుంది. బోర్డుకు బోర్డే మార్చే పనికి టంకం కూడా అక్కర్లేదు, కనెక్టర్లు, స్క్రూలు తీసి పెట్టడమే. టంకం ఇంతవరకు పట్టని చేయి అయితే, ఎలాగూ పారేయబోయే బోర్డు మీద ఓ ఇరవై పార్టులు తీసి, మళ్లీ వేసి అలవాటు చేసుకోండి. మీ మానిటర్ పవర్ బోర్డు (గోడ కరెంటును లోపలి పార్టులకు కావలసిన చిన్న వోల్టేజీలుగా మార్చే బోర్డు) మీద మాత్రం నేర్చుకోవద్దు.

ప్లగ్ పీకేశాక కూడా షాక్ కొడుతుందా?

కొడుతుంది. పవర్ బోర్డు మీద అన్నిటికన్నా లావుగా, 400 లేదా 450 వోల్టులు అని రాసి ఉండే కెపాసిటర్ (కరెంటును నిల్వ ఉంచే పార్టు) ఒకటి ఉంటుంది. 230 వోల్టుల సరఫరా ఉన్నచోట దానిలో సుమారు 325 వోల్టులు, 120 వోల్టులు ఉన్నచోట సుమారు 170 వోల్టులు నిలుస్తాయి. బోర్డు బాగుంటే అది కాసేపట్లో తనంతట తానే దిగిపోతుంది. మనం విప్పేది పాడైన బోర్డు కాబట్టి ఆ నమ్మకం పెట్టుకోకూడదు.

2 కిలో ఓమ్స్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టుకుని, కెపాసిటర్ రెండు కాళ్ల మీద నాలుగైదు సెకన్లు ఆనించండి. తర్వాత మీటర్‌తో చూసి, 10 వోల్టుల లోపుకు వచ్చిందని రూఢి చేసుకున్నాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసేవాళ్లను చూసి మీరూ అలా చేయొద్దు. ఆ నిప్పురవ్వకు బోర్డు మీది రాగి గీత లేచిపోవచ్చు, చెయ్యి అదిరి ఇంకో చోట తగలొచ్చు.

పాత డబ్బా మానిటర్‌ను, అంటే సీఆర్‌టీని, ఇలాగే విప్పొచ్చా?

వద్దు. ఆ పిక్చర్ ట్యూబు మీద 20 నుంచి 25 వేల వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. దానికి వేరే అనుభవం, వేరే జాగ్రత్తలు కావాలి. ఇక్కడ చెప్పేదంతా పలచటి ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ మానిటర్ల గురించే.

ఏ పనిముట్లు తప్పనిసరి?

మల్టీమీటర్, 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, టంకం పీల్చే పంపు లేదా రాగి అల్లిక, ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి పూసేది), స్క్రూడ్రైవర్లు, ఒక టార్చి, పాత ప్లాస్టిక్ కార్డు. ఈఎస్ఆర్ మీటర్ (కెపాసిటర్ లోపలి నిరోధాన్ని, అంటే ఈఎస్ఆర్‌ను కొలిచేది) ఉంటే పని బాగా తేలికవుతుంది, లేకపోయినా ఆగదు. ఫొటోలు తీయడానికి ఫోన్ దగ్గర పెట్టుకోండి, అది కూడా పనిముట్టే.

## లోపం ఎక్కడుందో తేల్చుకోవడం

బటన్ నొక్కినా చిన్న లైటు కూడా వెలగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు బయటి నుంచి. ఇంకో పవర్ కేబుల్ పెట్టి చూడండి. బయట అడాప్టర్ ఉండే మానిటర్ అయితే అడాప్టర్ వోల్టేజీ కొలవండి, పిన్ను గుచ్చే జాక్ దగ్గర టంకం పగిలిందేమో చూడండి. ఆ జాక్ రోజూ కదులుతూ ఉంటుంది, అందుకే అక్కడ టంకం వదులవడం చాలా మామూలు.

లోపలే పవర్ బోర్డు ఉంటే ఫ్యూజ్ చూడాలి. ఫ్యూజ్ బాగుండి, పెద్ద కెపాసిటర్ మీద మూడు వందల పైచిలుకు వోల్టులు ఉండి, బయటికి వెళ్లే 5 వోల్టులు మాత్రం రాకపోతే లోపం పవర్ బోర్డులోనే ఉంది. 5 వోల్టులు స్థిరంగా వస్తున్నా లైటు వెలగకపోతే మెయిన్ బోర్డును (కంప్యూటర్ నుంచి వచ్చే బొమ్మను తెరకు పంపే బోర్డు), బటన్ల బోర్డును అనుమానించాలి.

లైటు మిణుకు మిణుకుమంటోంది. ఒక్కోసారి పది నిమిషాల తర్వాత దానంతటదే ఆన్ అవుతోంది. ఎందుకలా?

ఇది కెపాసిటర్ల లక్షణం. ఇంత స్పష్టంగా తనను తాను చెప్పుకునే లోపం మానిటర్లలో ఇంకోటి లేదు. పవర్ బోర్డు అవుట్‌పుట్ వైపు 470 లేదా 1000 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కొన్ని ఉంటాయి. వాటి లోపల తడి ద్రావణం ఉంటుంది. వేడికి అది ఏళ్ల తరబడి ఆరిపోతూ వస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, 5 వోల్టుల లైను నిలకడ కోల్పోయి ఊగుతుంది. మెయిన్ బోర్డులోని చిప్ లేవబోతుంది, వోల్టేజీ పడిపోతుంది, మళ్లీ లేవబోతుంది. మనకు కనిపించే మిణుకు అదే. కాసేపు కరెంటు పారి కెపాసిటర్ వేడెక్కితే ఆ నిరోధం కొంత తగ్గుతుంది కాబట్టి పది నిమిషాలకు ఆన్ అవుతుంది.

తల ఉబ్బినా, అడుగున గోధుమరంగు మరక ఉన్నా ఆ కెపాసిటర్ పోయినట్టే. తల చదునుగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. 2000ల మొదట్లో లోపమున్న ద్రావణంతో తయారైన కెపాసిటర్లు కంప్యూటర్ బోర్డుల్లో పెద్ద ఎత్తున పాడయ్యాయి. ఆ కాలపు మానిటర్ చేతికొస్తే నేను మొదట చూసేది ఇవే.

బొమ్మ వస్తుంది, రెండు సెకన్లలో నల్లబడిపోతుంది. ప్యానెల్ పోయిందా?

చాలావరకు ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే గాజు తెర, బాగానే ఉంటుంది. గది చీకటి చేసి, తెర మీద టార్చి ఏటవాలుగా వేసి చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే పోయింది బ్యాక్‌లైట్, అంటే తెర వెనక వెలుగు, మాత్రమే.

పాత మానిటర్లలో వెనక వెలుగు సీసీఎఫ్ఎల్ అనే సన్నటి ట్యూబుల నుంచి వస్తుంది. నాలుగు ట్యూబుల్లో ఒకటి సరిగ్గా వెలగకపోయినా, వాటికి ఎక్కువ వోల్టేజీ అందించే ఇన్వర్టర్ అనే సర్క్యూట్ అన్నింటినీ ఆపేస్తుంది. ఆ కాపుదలకు పట్టే సమయమే మీరు చూస్తున్న రెండు సెకన్లు. ట్యూబు ముసలిదైనా, దాని కనెక్టర్ మాడినా, ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్ తీగ తెగినా, కెపాసిటర్లు నీరసించినా లక్షణం ఇదే. ఆ ట్యూబుల అవుట్‌పుట్‌ను మామూలు మల్టీమీటర్‌తో కొలవొద్దు. వెలిగే క్షణంలో అక్కడ వెయ్యి వోల్టుల పైనే ఉంటాయి. మీటర్ పోతుంది, మీకూ ప్రమాదం. అదే పరిమాణంలో ఉన్న బాగున్న ట్యూబు ఒకటి పాత మానిటర్ నుంచి తెచ్చి, కరెంటు తీసి, ఒక్కో కనెక్టర్‌కూ మార్చి మార్చి పెట్టి చూస్తే దోషి దొరుకుతుంది.

ఎల్‌ఈడీ మానిటర్ అయితే పట్టీలో ఒక దీపం తెగినా ఆ వరుసంతా ఆరుతుంది.

తెర మీద నిలువు గీతలు వస్తున్నాయి. బోర్డు మారిస్తే పోతాయా?

ఒకటి రెండు సన్నటి గీతలు ఎప్పుడూ ఒకేచోట ఉంటే పోవు. గాజు అంచున అతికించిన పలచటి రిబ్బన్ దగ్గర అతుకు వదిలింది, దాన్ని ఇంట్లో అతికించలేం. మానిటర్ మెనూ తెరిచి చూడండి. మెనూ మీద కూడా అదే గీత ఉంటే లోపం కేబుల్‌లోనో కంప్యూటర్‌లోనో లేనట్టే. గీతలు మారుతూ, తెరంతా పరుచుకుని, రంగులు చెదిరి ఉంటే మాత్రం ఆశ ఉంది. ప్యానెల్‌కు వెళ్లే ఎల్‌వీడీఎస్ కేబుల్ తీసి, పిన్నులు శుభ్రం చేసి మళ్లీ గుచ్చండి. చాలాసార్లు అంతటితో సరి.

తెరంతా తెల్లగా వెలుగుతోంది, బొమ్మ లేదు.

బ్యాక్‌లైట్ బాగుంది, ప్యానెల్‌కు కరెంటో సిగ్నలో అందడం లేదు. ప్యానెల్ వెనకున్న టీకాన్ బోర్డు (ప్యానెల్‌ను నడిపే చిన్న బోర్డు) మీద చిన్న ఫ్యూజ్ ఒకటి ఉంటుంది, ముందు అది చూడండి. తర్వాత కేబుల్, తర్వాత మెయిన్ బోర్డు నుంచి ప్యానెల్‌కు వెళ్లే వోల్టేజీ.

మెనూ దానంతటదే వస్తోంది, పోతోంది. మెయిన్ బోర్డు పోయిందనుకోనా?

తొందరపడొద్దు. బటన్ లోపల తుప్పో తేమో చేరి, ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టవుతోంది. కరెంటు తీసి బటన్ల బోర్డు కేబుల్ పీకండి. మళ్లీ ప్లగ్ పెట్టినప్పుడు పిచ్చి మెనూ ఆగిపోతే దొరికినట్టే. అలాంటి చిన్న స్విచ్‌లు ఏ పాత ఎలక్ట్రానిక్ బోర్డు మీదైనా ఉంటాయి. కొలత, కాళ్ల అమరిక కలిస్తే చాలు.

## ఏ పార్టు ఎక్కడి నుంచి తీసుకోవాలి

పార్టుల కోసం ఎలాంటి పాడైన మానిటర్ వెతకాలి?

తెర పగిలినదాన్ని. కింద పడి గాజు పగిలిన మానిటర్‌లో బోర్డులు అప్పటిదాకా పనిచేస్తూనే ఉన్నాయి. దానంత మంచి పార్టుల గని ఇంకోటి ఉండదు. "ఆన్ కావడం లేదు" అన్నది తెస్తే అందులో పోయింది కూడా మీ దాంట్లో పోయిన పార్టే అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే మోడల్ మానిటర్లు ఒకే చోట పాడవుతాయి. తెచ్చే ముందు "ఇది ఎలా పాడైంది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో గంటల పని మిగులుస్తుంది.

బయట మోడల్ పేరు ఒకటే. లోపల బోర్డులు కూడా ఒకటేనా?

కాకపోవచ్చు. ఒకే పేరుతో అమ్మిన మానిటర్‌లో రెండు మూడు రకాల ప్యానెళ్లు వాడడం మామూలే. ప్యానెల్ మారితే మెయిన్ బోర్డు లోపలి ప్రోగ్రామ్ కూడా మారుతుంది. బయటి పేరు వదిలేసి, పవర్ బోర్డు మీద ముద్రించిన నంబరు, ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది నంబరు కలిశాయేమో చూడండి. రెండూ కలిస్తే ధైర్యంగా మార్చుకోవచ్చు. వేర్వేరు కంపెనీల పేర్లున్న మానిటర్లలో ఒకే పవర్ బోర్డు ఉండడం కూడా నేను చూశాను.

పాత బోర్డు మీది కెపాసిటర్లు బాగానే కనిపిస్తున్నాయి. అవే తీసి వాడొచ్చా?

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మాత్రం కొత్తవే వాడండి. పాత పార్టుల మీద నాకు ఎంత ఇష్టమున్నా ఈ విషయంలో రాజీ లేదు. మిగతా పార్టులు చాలావరకు పాడయ్యేదాకా బాగుంటాయి. ఎలక్ట్రోలైటిక్ మాత్రం వాడినా వాడకపోయినా లోపల ఆరుతూనే ఉంటుంది. పాత బోర్డులో అది మీ కెపాసిటర్ గడిపినంత కాలమే గడిపింది, అంత వేడే చూసింది. పైగా తీసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ వేడి ఇంకోసారి తగులుతుంది. నా మొదటి మానిటర్‌ను అలా పాత కెపాసిటర్లతోనే లేపాను. కొన్ని వారాలకే అదే మిణుకు మళ్లీ వచ్చింది, అంతా మళ్లీ విప్పాల్సి వచ్చింది.

మరి ఏవి నమ్మకంగా తీసుకోవచ్చు?

ట్రాన్స్‌ఫార్మర్లు, కాయిల్స్, బ్రిడ్జ్ రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది), షాట్కీ డయోడ్లు, మాస్‌ఫెట్లు (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు), ఆప్టోకప్లర్, హీట్‌సింక్‌లు (వేడిని లాగే లోహపు ముక్కలు), కనెక్టర్లు, కేబుళ్లు, బటన్లు, స్పీకర్లు, స్టాండు, స్క్రూలు. డయోడ్ల వంటి సెమీకండక్టర్లను తీశాక మీటర్‌లో డయోడ్ మోడ్ పెట్టి చూడండి. షాట్కీ డయోడ్ ఒక దిక్కున 0.15 నుంచి 0.3 వోల్టుల దాకా, మామూలు సిలికాన్ డయోడ్ 0.5 నుంచి 0.7 దాకా చూపాలి. రెండో దిక్కున రెండూ ఏమీ చూపకూడదు. రెండు దిక్కులా సున్నా చూపితే అది షార్ట్ అయింది.

కరెంటు వచ్చే వైపు ఎక్స్, వై అని గుర్తులుండే కెపాసిటర్లు ప్రాణరక్షణ కోసం పెట్టినవి. వాటి స్థానంలో అదే గుర్తున్నది తప్ప ఇంకేదీ పెట్టొద్దు.

ల్యాప్‌టాప్ ప్యానెల్‌ను మానిటర్ బోర్డుకు కలపొచ్చా?

నేరుగా కుదరదు. మానిటర్ ప్యానెళ్లు ఎక్కువగా 5 వోల్టులతో, ల్యాప్‌టాప్ ప్యానెళ్లు 3.3 వోల్టులతో నడుస్తాయి. 5 వోల్టులు ఇస్తే ల్యాప్‌టాప్ ప్యానెల్ అక్కడికక్కడే పోవచ్చు. కనెక్టర్, సిగ్నల్ కూడా వేరు. ఆ ప్యానెల్ నంబరుకు సరిపోయే కంట్రోలర్ బోర్డు విడిగా తెచ్చుకుంటే దాంతో మంచి చిన్న మానిటర్ తయారవుతుంది.

## విప్పడం

స్క్రూలు ఎక్కడా కనిపించడం లేదు. ఎలా తెరవాలి?

స్టాండు తీస్తే దాని కింద ఒకటి రెండు స్క్రూలు కనిపిస్తాయి. మిగతాదంతా ప్లాస్టిక్ క్లిప్పులే. మెత్తటి గుడ్డ పరిచి, తెరను దాని మీద బోర్లా పెట్టి, ముందు ఫ్రేముకూ వెనక మూతకూ మధ్య సందులో ప్లాస్టిక్ కార్డు దూర్చి, అంచు వెంబడి మెల్లగా జరపండి. టక్ టక్ మని చప్పుడవుతుంది, కంగారు పడొద్దు, అది క్లిప్పు వదిలిన చప్పుడు. స్క్రూడ్రైవర్ దూరిస్తే మూత మీద గాట్లు పడతాయి, జారితే గాజు పోతుంది. బటన్ల కేబుల్ ముందు ఫ్రేముకు ఉంటుంది కాబట్టి ఫ్రేమును ఒక్కసారిగా లాగకండి.

ప్రతి కనెక్టర్ పీకే ముందు ఫొటో తీయండి.

ట్యూబు తీస్తుంటే విరిగింది. ఏం చేయాలి?

సీసీఎఫ్ఎల్ ట్యూబులో కొద్దిగా పాదరసం ఉంటుంది. కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, కొంతసేపు మీరూ గది బయట ఉండండి. తర్వాత గట్టి కాగితంతో ముక్కలు ఎత్తి, పొడిని అంటుకునే టేపుతో అద్ది, అన్నీ మూతున్న సీసాలో వేయండి. చీపురుతో ఊడ్చొద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. సీసాను ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

## పార్టు మార్చడం

కొత్త కెపాసిటర్ విలువ అచ్చంగా అదే ఉండాలా?

మైక్రోఫారడ్లు అవే ఉండాలి, దొరక్కపోతే కాస్త ఎక్కువైనా పర్వాలేదు. వోల్టేజీ అంతే లేదా ఎక్కువ ఉండాలి, ఎప్పుడూ తక్కువ కాదు. 10 వోల్టుల దాని చోట 16 వోల్టులది పెట్టొచ్చు. 105 డిగ్రీలు అని రాసి ఉన్న, తక్కువ ఈఎస్ఆర్ రకమే తీసుకోండి. ఎత్తు, లావు చూసుకోవడం మర్చిపోకండి. పొడుగైతే లోహపు మూత పట్టదు. పక్కన గీత ఉన్న కాలు నెగెటివ్. బోర్డు మీది గుర్తులు అన్ని బోర్డుల్లో ఒకేలా ఉండవు, పాతదాన్ని తీసే ముందు ఫొటో తీసుకోవడమే నమ్మకం. ఒకటి పోయిందంటే ఆ వైపున్నవన్నీ మార్చేయండి.

పాత టంకం కరగనే కరగడం లేదు.

అది సీసం లేని టంకం. దాదాపు 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు. దాని మీదే కొంచెం మామూలు సీసం టంకం, ఫ్లక్స్ వేసి కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది. గ్రౌండ్‌కు పోయే కాలు దగ్గర రాగి వెడల్పుగా ఉండి వేడిని లాగేస్తుంది. అక్కడ లావు ముక్కు ఉన్న సోల్డరింగ్ ఐరన్ వాడండి, బలంగా లాగితే రాగి వలయం ఊడి వస్తుంది.

ఫ్యూజ్ మార్చాను, ప్లగ్ పెట్టగానే మళ్లీ పోయింది. ఇంకొంచెం పెద్ద ఫ్యూజ్ పెట్టనా?

పెద్దదీ వద్దు, తీగ ముక్క అసలే వద్దు. ఫ్యూజ్ గాజు నల్లబడి పేలిందంటే దాని వెనక ఏదో పూర్తిగా షార్ట్ అయింది. ఎక్కువగా పోయేవి మాస్‌ఫెట్, బ్రిడ్జ్ రెక్టిఫైయర్. మాస్‌ఫెట్ షార్ట్ అయితే దాని సోర్స్ కాలికి ఉన్న చిన్న విలువ రెసిస్టర్, దాన్ని నడిపే చిప్ కూడా తరచుగా పోతాయి. ఇంత పోయినప్పుడు ఒక్కో పార్టు వెతకడం కంటే అదే నంబరున్న పవర్ బోర్డు తెచ్చి, దానికి కొత్త ఎలక్ట్రోలైటిక్‌లు వేసి బిగించడమే నేను చేసే పని.

మాస్‌ఫెట్ నంబరు కలవడం లేదు. వేరేది పెట్టొచ్చా?

వోల్టేజీ, కరెంటు అంతే లేదా ఎక్కువ, ఆన్‌లో ఉన్నప్పటి నిరోధం అంతే లేదా తక్కువ, కాళ్ల వరుస అదే అయితే పెట్టొచ్చు. పాతది ఒళ్లంతా ప్లాస్టిక్ ఉండి, కొత్తదానికి వెనక లోహం బయటికి ఉంటే హీట్‌సింక్‌కు మధ్య ఇన్సులేటింగ్ ప్యాడ్, స్క్రూకు ప్లాస్టిక్ వాషర్ పెట్టాలి.

మెయిన్ బోర్డు మార్చాక బొమ్మ రెండుగా, రంగులు తారుమారై వస్తోంది.

బోర్డు బాగుంది, దాని లోపలి ప్రోగ్రామ్ వేరే ప్యానెల్ కోసం రాసింది. మెయిన్ బోర్డు మీద ఆ ప్రోగ్రామ్ దాచుకునే ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్ ఉంటుంది, దాని నంబరులో సాధారణంగా 25 అని ఉంటుంది. రెండు బోర్డుల నంబరు ఒకటే అయితే మీ పాత బోర్డు మీది చిప్‌ను కొత్తదానికి మార్చండి. చుక్క గుర్తు దిక్కు సరిచూసుకోండి.

ట్యూబులు దొరకడం లేదు. ఎల్‌ఈడీ పట్టీ వేయొచ్చా?

వేయొచ్చు. ప్యానెల్ అంచున ట్యూబు ఉండే గాడిలో పట్టే సన్నటి పట్టీ, దాని డ్రైవర్ బోర్డు కావాలి. డ్రైవర్‌కు కరెంటు, గ్రౌండ్, ఆన్ సిగ్నల్, వెలుగు తగ్గించే సిగ్నల్ అని నాలుగు తీగలు. పాత ఇన్వర్టర్‌కు వచ్చే కనెక్టర్‌లో ఇవి నాలుగూ ఉంటాయి. ఇన్వర్టర్‌కు కరెంటు అందకుండా విడదీయడం మరవొద్దు. ప్యానెల్ పొరలు విప్పేటప్పుడు దుమ్ము పడితే అది జీవితాంతం తెర మీద మచ్చగా కనిపిస్తుంది, శుభ్రమైన చోట చేయండి.

## బిగించి చూడడం

బాగుచేసిన బోర్డుకు మొదటిసారి కరెంటు ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది.

సీరీస్ బల్బు కట్టుకోండి. 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బును ఫేజ్ తీగకు వరుసలో కలిపి, దాని ద్వారా మానిటర్‌కు కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే బోర్డులో ఇంకా షార్ట్ ఉంది, కానీ ఫ్యూజూ మాస్‌ఫెట్టూ కాలిపోకుండా బల్బు కాపాడింది. ఆ క్షణంలో బోర్డు మీద చెయ్యి ఉండకూడదు.

అంతా బిగించాక ఒక ప్లాస్టిక్ షీటు మిగిలింది. పనిచేస్తోంది కదా, వదిలేయనా?

వదిలేయొద్దు. అది పవర్ బోర్డు టంకాలకూ లోహపు కవచానికీ మధ్య ఉండాల్సిన ఇన్సులేషన్. అది లేకుండా ఎప్పుడైనా మూత కాస్త నొక్కుకుంటే మెయిన్ కరెంటు లోహానికి తగులుతుంది. విప్పి, ఉన్నచోటే పెట్టండి.

ఎంతసేపు పరీక్షించాలి?

మూత బిగించి, పూర్తి వెలుగు పెట్టి, మూడు గంటలు నడపండి. ఆపి, పూర్తిగా చల్లారాక మళ్లీ ఆన్ చేయండి. నీరసించిన కెపాసిటర్ దొరికేది ఆ చల్లటి ఆన్‌లోనే. కాలిన వాసన, కీచుమనే చప్పుడు, ఒక మూల ఎక్కువ వేడి ఉన్నాయేమో గమనించండి.

మిగిలిన పార్టులు దాచాలా, పారేయాలా?

బోర్డులు, కేబుళ్లు, స్టాండు దాచండి. ప్రతి బోర్డుకు చిన్న చీటీ అంటించి ప్యానెల్ నంబరు, అది ఎలా పాడైన మానిటర్ నుంచి వచ్చిందో, పనిచేస్తుందో లేదో రాయండి. చీటీ లేని బోర్డును ఏడాది తర్వాత మీరే నమ్మరు. పగిలిన ప్యానెల్ లోపలి పలచటి పొరలు, దళసరి అక్రిలిక్ పలక తీసి ఉంచుకుంటే వెలుగు సమంగా పరచడానికి పనికొస్తాయి. ట్యూబులున్న ప్యానెల్‌ను, ఉబ్బిన కెపాసిటర్లను మామూలు చెత్తలో కాక ఈ-వ్యర్థాల సేకరణకు ఇవ్వండి.